కుక్కతో క్యాంపర్‌వ్యాన్ ప్రయాణం: ఏర్పాట్లు, జాగ్రత్తలు

క్యాంపర్‌వ్యాన్‌లో కుక్కను వెంట తీసుకుని వెళ్లాలనుకునేవారు చాలావరకు సామాను జాబితాతో మొదలుపెడతారు. ఏ పరుపు వేయాలి, ఏ గిన్నె పెట్టాలి, ఎంత మేత సర్దాలి అన్నవి వారి మొదటి ప్రశ్నలు. అంతకంటే ముందు తేల్చుకోవలసినవి రెండున్నాయి. వ్యాన్ నడుస్తున్నప్పుడు కుక్క ఎక్కడ ఉంటుంది? వ్యాన్ ఆగి, మనం దిగి వెళ్లినప్పుడు కుక్క ఎక్కడ ఉంటుంది? మంచం, పొయ్యి, సింకు, కిటికీలకు తెరలు ఉన్నాయి కాబట్టి మనకు వ్యాన్ ఒక ఇల్లులా కనిపిస్తుంది. అందుకే ఇంట్లో వదిలినట్టే కుక్కను అందులో వదిలిపెట్టి పోవచ్చని, ఇంట్లో తిరిగినట్టే అది వ్యాన్‌లోనూ తిరగవచ్చని అనిపిస్తుంది. కానీ బ్రేకు వేసినప్పుడూ ఎండ కాసినప్పుడూ అది ఇల్లు కాదు, అద్దాలూ రేకు గోడలూ ఉన్న వాహనమే. ఈ గుర్తింపుతో ఏర్పాట్లు మొదలుపెడితే మిగిలినవి పెద్ద కష్టం లేకుండా కుదురుతాయి.

వ్యాన్‌ను అలవాటు చేయడం

ప్రయాణానికి కొన్ని వారాల ముందే, ఇంజను ఆపి ఉన్న వ్యాన్‌లోకి కుక్కను రోజూ కాసేపు ఎక్కించండి. దానికి కేటాయించిన చోట ఇంట్లో వాడుతున్న పరుపునో దుప్పటినో వేసి, అక్కడే మేత పెట్టి, కునుకు తీసేదాకా పక్కన కూర్చోండి. ఉతికిన కొత్త పరుపు కంటే దాని వాసన పట్టిన పాత దుప్పటే ఈ పనికి మేలు. ఆ చోటికి తనంతట తాను వెళ్లి పడుకోవడం మొదలుపెట్టాక ఇంజను ఆన్ చేసి, వ్యాన్‌ను కదలనివ్వకుండా కాసేపు ఉంచండి. తర్వాత వీధి చివరిదాకా, ఆపైన పావుగంట, అరగంట చొప్పున నడపండి. ప్రతి చిన్న ప్రయాణం కుక్కకు ఇష్టమైన చోట, అంటే మైదానంలోనో చెరువు గట్టునో ముగిసేలా చూడండి. పశువుల ఆసుపత్రికి వెళ్లడానికి మాత్రమే వాహనం ఎక్కిన కుక్క వాహనాన్ని ఇష్టపడాలని ఆశించడం న్యాయం కాదు.

ఒక రాత్రి మీ ఇంటి ముందే వ్యాన్‌లో పడుకుని చూడటం మంచిది. పైకప్పు మీద వాన చప్పుడు, పక్కన వాహనాల తలుపులు వేసే శబ్దం, హీటరు మొదలైనప్పుడు వచ్చే గరగర వంటివి కుక్క మొదటిసారి వినేది ముక్కూ మొగం తెలియని ఊరిలో అర్ధరాత్రి కాకుండా ఉంటుంది. వయసు మళ్లిన కుక్కలకు, డాక్స్‌హుండ్ వంటి పొడవాటి నడుము జాతులకు మెట్టు లేదా వాలుపలక తప్పనిసరి, ఎందుకంటే రోజుకు పదిసార్లు ఎక్కి దూకడం వాటి వెన్నెముకకు, కీళ్లకు మంచిది కాదు. వ్యాన్ నేల నున్నగా ఉంటే జారని చాప వేయండి. మలుపుల్లో కాళ్లు నిలవని కుక్క ప్రయాణమంతా బిగుసుకుని నిలబడే ఉంటుంది.

నడుస్తున్న వ్యాన్‌లో కుక్క స్థానం

గంటకు 50 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్న వాహనం ఢీకొని ఒక్కసారిగా ఆగిపోతే, కట్టని కుక్క అదే వేగంతో ముందుకు దూసుకుపోతుంది. సుమారు 10 మీటర్ల ఎత్తు నుంచి, అంటే మూడంతస్తుల మేడ మీది నుంచి కిందపడితే తగిలే దెబ్బ ఎంతో అది అంత. వేగం రెట్టింపైతే ఆ దెబ్బలోని శక్తి నాలుగు రెట్లవుతుంది. కుక్కకే కాదు, ముందు సీట్లలో కూర్చున్నవారికీ అది ప్రాణాపాయమే. ప్రమాదం జరగకపోయినా, డ్రైవరు కాళ్ల మధ్యకు దూరిన కుక్క బ్రేకు పెడల్‌కు అడ్డుపడవచ్చు.

కుక్కను కట్టి ఉంచడానికి రెండు పద్ధతులు ఉన్నాయి. మొదటిది ఛాతీ చుట్టూ వెడల్పుగా పట్టే, క్రాష్ పరీక్షలో నెగ్గిన హార్నెస్‌ను పొట్టి పట్టీతో సీటు బెల్టుకు తగిలించడం. ఆ పట్టీని మెడపట్టీకి మాత్రం ఎప్పుడూ తగిలించకూడదు, ఎందుకంటే అలా చేస్తే దెబ్బ మొత్తం మెడ మీద పడుతుంది. నడకకు వాడే హార్నెస్‌లు చాలావరకు ఈ పనికి సరిపోవు. వాటి ప్లాస్టిక్ బకిళ్లు లాగుడును తట్టుకోవడానికే తయారయ్యాయి, ఢీకొనడాన్ని తట్టుకోవడానికి కాదు. పొడవైన పట్టీ వాడితే కుక్క సీటు మీది నుంచి ఎగిరి పడేంత జాగా దొరుకుతుంది కాబట్టి, కూర్చోవడానికీ పడుకోవడానికీ సరిపోయే పొడవే చాలు. ముందు సీటులో ఎయిర్‌బ్యాగ్ ఉంటే కుక్కను అక్కడ కూర్చోబెట్టకండి. మరొక సంగతి: చాలా వ్యాన్లలో పక్కకు తిరిగి ఉండే సోఫాలకు అసలు బెల్టు పట్టే ఆధారమే ఉండదు. అక్కడ ఏదో కొక్కేనికి కట్టి సరిపెట్టుకుంటే కట్టనట్టే లెక్క.

రెండవది క్రేట్, అంటే కుక్కను ఉంచే గట్టి పెట్టె; క్యాంపర్‌వ్యాన్‌లో నేను ఎక్కువగా మొగ్గేది దీనికే. కుక్క అందులో నిలబడగలగాలి, తిరగగలగాలి, కాళ్లు చాపి పడుకోగలగాలి, కానీ అంతకు మించి ఖాళీ అవసరం లేదు. క్రేట్‌ను సీటు వీపుకు లేదా గట్టి అడ్డుగోడకు ఆనించి, నేలలో బోల్టులు బిగించిన కట్టుకొయ్యలకు సాగని పట్టీలతో బిగించాలి. కొక్కేలున్న రబ్బరు తాళ్లు ఢీకొన్న క్షణంలో సాగిపోతాయి కాబట్టి వాటిని నమ్మడానికి లేదు. వెనుక నుంచి మరో వాహనం ఢీకొంటే వ్యాన్ వెనుక తలుపు బిగుసుకుపోవచ్చు. అందుకని క్రేట్‌కు వ్యాన్ లోపలి వైపు నుంచి కూడా తెరిచే రెండో తలుపు ఉంటే మంచిది. బయలుదేరే ముందు క్రేట్ పైన ఉన్న అరలను ఒకసారి చేత్తో లాగి చూడండి. గడియ సరిగా పడని సొరుగు మొదటి మలుపులోనే తెరుచుకుని, అందులోని గిన్నెలన్నీ కుక్క తల మీదే పడతాయి.

రెండు గంటలకొకసారి వ్యాన్ ఆపి కుక్కను దింపి నడిపించండి. కిటికీలోంచి తల బయటికి పెట్టనివ్వడం చూడటానికి ముచ్చటగానే ఉంటుంది కానీ, ఎగిరివచ్చే దుమ్మూ పురుగులూ కంటికి గాయం చేస్తాయి.

వేడి: అన్నిటికంటే పెద్ద ప్రమాదం

కుక్క శరీరపు సాధారణ ఉష్ణోగ్రత 38.3 నుంచి 39.2 డిగ్రీల సెల్సియస్. అది 41 డిగ్రీలకు చేరితే ప్రాణానికే ముప్పు. అంటే మధ్యలో ఉన్న తేడా రెండు డిగ్రీల చిల్లరే. మనకున్నట్టు కుక్కకు ఒళ్లంతా చెమట పట్టదు, దాని చెమట గ్రంథులు ప్రధానంగా పాదాల అడుగునే ఉంటాయి. ఒంట్లోని వేడిని అది నాలుక చాపి రొప్పుతూ, నోటి తడిని ఆవిరి చేసి బయటికి పంపుకుంటుంది. మూసి ఉన్న వ్యాన్‌లో ఆ ఆవిరి వల్ల గాలిలో తేమ పెరుగుతుంది, తేమ పెరిగేకొద్దీ రొప్పినా ఫలితం తగ్గుతుంది. పగ్, బుల్‌డాగ్, షీట్జు వంటి చప్పిడి ముక్కు జాతులకు శ్వాసమార్గమే ఇరుకు కాబట్టి వాటికి ముప్పు ఇంకా ముందే మొదలవుతుంది. ఒళ్లు చేసిన కుక్కలు, గుండె జబ్బున్నవి, ముసలివి కూడా ఈ లెక్కలోకే వస్తాయి.

ఎండలో నిలిపిన కార్లపై 2005లో ప్రచురితమైన ఒక అమెరికన్ అధ్యయనంలో, గంట సేపట్లో లోపలి ఉష్ణోగ్రత సగటున 22 డిగ్రీల సెల్సియస్ పెరిగింది. ఆ పెరుగుదలలో 80 శాతం మొదటి అరగంటలోనే జరిగింది. కిటికీలను కొద్దిగా దించి ఉంచినా చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఈ లెక్కన, బయట 25 డిగ్రీలతో హాయిగా ఉన్న ఉదయం కూడా అరగంటలో లోపల 42 డిగ్రీలు దాటవచ్చు. వ్యాన్ కారు కంటే పెద్దది, గోడల్లో ఇన్సులేషన్ ఉంటుంది కాబట్టి వేడెక్కడం కాస్త నెమ్మదిగా సాగవచ్చు. అయితే ఒకసారి వేడెక్కాక అదే ఇన్సులేషన్ వేడిని బయటికి పోనివ్వదు, పైగా ముందు వైపున్న పెద్ద అద్దం ఎండను తిన్నగా లోపలికి రానిస్తుంది.

నీడలో నిలిపామన్న ధీమా కూడా పనికిరాదు. ఆకాశంలో సూర్యుడు గంటకు 15 డిగ్రీల చొప్పున జరుగుతాడు కాబట్టి పది గంటలకు చెట్టు కింద ఉన్న వ్యాన్ పదకొండున్నరకు ఎండలో ఉండవచ్చు. పైకప్పు ఫ్యాను ఎంత మంచిదైనా బయటి గాలినే లోపలికి తెస్తుంది, దాని కంటే చల్లగా చేయలేదు. ఏసీ ఇంజను మీద నడుస్తుంటే ఇంజను ఆగవచ్చు, క్యాంప్‌సైట్ కరెంటు మీద నడుస్తుంటే బ్రేకరు పడిపోవచ్చు. లోపలి వేడిని ఫోనుకు తెలియజేసే సిమ్‌కార్డు పరికరాలు ఉపయోగమే, కానీ అవి కబురు మాత్రమే చెప్తాయి. సిగ్నలు అందని చోట ఆ కబురూ రాదు. పరికరం మోగిన ఐదు నిమిషాల్లో వ్యాన్ దగ్గరికి చేరలేని దూరంలో మీరు ఉంటే అది ఉండీ ప్రయోజనం లేదు.

అందువల్ల కుక్కను వ్యాన్‌లో ఒంటరిగా ఎంతసేపు వదలవచ్చు అని లెక్క వేసుకోవడం కంటే, వదలవలసిన అవసరమే రాకుండా రోజును అమర్చుకోవడం తెలివైన పని. సరుకుల కొనుగోలు తెల్లవారుజామునే ముగించండి. ఇద్దరు ఉంటే ఒకరి తర్వాత ఒకరు దిగండి. కుక్కలను రానివ్వని మ్యూజియం, కోట, సముద్రతీరం వంటివి చూడాలనుకుంటే, ఆ ఊళ్లో పగటిపూట కుక్కను చూసుకునే బస ఏదైనా ఉందేమో ముందే కనుక్కోండి. ఒంటరిగా ప్రయాణించేవారికి ఇది ఎక్కువ ఇబ్బంది కలిగించే మాట నిజమే, కొన్ని చోట్లు చూడకుండానే వదిలేయవలసి వస్తుంది.

వడదెబ్బ లక్షణాలు గుర్తు పెట్టుకోండి: ఆగని రొప్పు, చిక్కటి చొంగ, ముదురు ఎరుపెక్కిన చిగుళ్లు, తూలుతూ నడవడం, వాంతులు, చివరికి కుప్పకూలడం. ఇవి కనిపిస్తే ముందు చల్లబరచడం, ఆ తర్వాతే ఆసుపత్రికి తరలించడం అన్నది ఇప్పుడు పశువైద్యులు చెప్పే క్రమం. నీడకు తెచ్చి, ఒంటి మీద, ముఖ్యంగా పొట్ట, తొడల లోపలి వైపు చల్లటి నీళ్లు ఆపకుండా పోస్తూ గాలి విసరండి. తడి తువ్వాలు కప్పి వదిలేయకూడదు, అది కాసేపటికే వెచ్చబడి వేడిని లోపలే పట్టి ఉంచుతుంది. తాగుతానంటే నీళ్లు ఇవ్వండి, గొంతులో పోయకండి. తేరుకున్నట్టు కనిపించినా వైద్యుడికి చూపించవలసిందే, ఎందుకంటే మూత్రపిండాలకు, రక్తం గడ్డకట్టే వ్యవస్థకు జరిగిన హాని కొన్ని గంటల తర్వాత బయటపడవచ్చు.

నడక విషయంలోనూ వేడిని మరువకండి. అరచేతి వెనుక భాగాన్ని తారు రోడ్డు మీద ఏడు సెకన్లు ఆనించి ఉంచలేకపోతే, ఆ రోడ్డు మీద కుక్క పాదాలు కాలతాయి.

తిండి, నీరు, వాంతులు

ఇంట్లో పెట్టే మేతనే, రెండు మూడు రోజులకు అదనంగా కలిపి, తీసుకువెళ్లండి. దారిలో వేరే మేతకు మారక తప్పకపోతే వారం రోజుల పాటు పాతదానిలో కొత్తదాన్ని కలుపుతూ మార్చాలి. ఇరుకు వ్యాన్‌లో కుక్కకు విరేచనాలు పట్టుకోవడం ఎలా ఉంటుందో వర్ణించనవసరం లేదు. నీరు కిలో బరువుకు రోజుకు 50 నుంచి 60 మిల్లీలీటర్ల లెక్కన, అంటే 15 కిలోల కుక్కకు 750 నుంచి 900 మిల్లీలీటర్లు అవసరం. ఎండ రోజుల్లో ఇంకా ఎక్కువ పెట్టుకోండి. వ్యాన్ ట్యాంకుతో సంబంధం లేకుండా దాని కోసం ఒక క్యాన్ వేరుగా ఉంచడం మంచిది. పచ్చటి తెట్టు కట్టిన చెరువు నీటిలో నీలి ఆకుపచ్చ నాచు ఉండవచ్చు. ఆ విషం కుక్కను గంటల్లో చంపగలదు కనుక అక్కడ తాగనివ్వకండి, దిగనివ్వకండి.

బయలుదేరడానికి మూడు గంటల ముందే మేత ముగించండి. మాటిమాటికీ ఆవలించడం, పెదవులు నాక్కోవడం, చొంగ కారడం వాంతికి ముందు కనిపించే గుర్తులు. లేత వయసు కుక్కలకు ఈ బాధ ఎక్కువ, పెరిగేకొద్దీ చాలావాటికి తగ్గుతుంది. తగ్గకపోతే మారోపిటాంట్ అనే మందు ఉంది, పశువైద్యుడి సలహాతోనే వాడాలి. మనుషులు వేసుకునే మాత్రలను సొంతంగా ఇవ్వకండి. వ్యాన్‌లో చెత్తబుట్ట సరిగ్గా కుక్క ముక్కు అందే ఎత్తులో ఉంటుంది కాబట్టి దానికి మూత, మూతకు గడియ ఉండాలి. ఉల్లిపాయ, ద్రాక్ష, ఎండుద్రాక్ష, చాక్లెట్, కొన్ని చూయింగ్ గమ్ములలో ఉండే జైలిటాల్ అనే తీపి పదార్థం కుక్కలకు విషాలు.

రాత్రి బస

పొయ్యికి వాడే ఎల్‌పీజీ గాలి కంటే బరువైనది. లీకైతే కిందికి దిగి నేలను పట్టుకుని పాకుతుంది, కుక్క పడుకునేది కూడా సరిగ్గా అక్కడే. గ్యాస్ బయటికి పోవడానికి వ్యాన్ నేలలో రంధ్రాలు పెడతారు, కుక్క పరుపో క్రేటో వాటిని కప్పేసి ఉందేమో వంగి చూడండి. గ్యాస్ లీకును పసిగట్టే అలారం నేలకు దగ్గరగా ఉండాలి. కార్బన్ మోనాక్సైడ్ సంగతి వేరు, దానికి రంగూ వాసనా ఉండవు, గాలితో దాదాపు సమాన బరువుతో అంతటా కలిసిపోతుంది. దాని అలారాన్ని తయారీదారు చెప్పిన ఎత్తులో, పడుకునే చోటికి దగ్గరగా బిగించండి. వెచ్చదనం కోసం వంట పొయ్యిని వెలిగించి ఉంచడం మనుషులకూ కుక్కకూ ప్రమాదమే. తడిసిన కుక్కను తుడవకుండా లోపలికి తీసుకుంటే తెల్లారేసరికి అద్దాలన్నీ చెమ్మ పట్టి నీరు కారతాయి. అందుకని తలుపు దగ్గరే ఒక తువ్వాలు వేలాడదీసుకుని, పైకప్పు గవాక్షాన్ని కొద్దిగా తెరిచి ఉంచండి.

కుక్కలు తప్పిపోయే అవకాశం ఎక్కువగా ఉండే క్షణం ఒకటుంది, పక్క తలుపును జరిపి తెరిచే క్షణం. ఆ తలుపు ఒక్కసారిగా వెడల్పుగా తెరుచుకుంటుంది, బయట కొత్త వాసనలు ఉంటాయి, మీ చేతులు సామానుతో నిండి ఉంటాయి. ముందు తాడు హార్నెస్‌కు తగిలించి, దాన్ని చేతికి చుట్టుకుని, ఆ తర్వాతే తలుపు పిడి మీద చేయి వేయడం ఇంటిల్లిపాదీ పాటించవలసిన నియమం. దోమతెర కుక్కను ఆపదు. మెడపట్టీ బిళ్ల మీద ఇంటి నంబరు కాకుండా మీతో ఉండే మొబైల్ నంబరు, దేశం కోడ్‌తో సహా ఉండాలి. కుక్క చర్మం కింద అమర్చే గుర్తింపు మైక్రోచిప్ నమోదులోనూ ఆ నంబరే ఉందో లేదో బయలుదేరే ముందు సరిచూసుకోండి.

క్యాంప్‌సైట్‌లో బస బుక్ చేసేటప్పుడు కుక్కలను అనుమతిస్తారా అని మాత్రమే కాక, ఎన్నిటిని, ఏ నెలల్లో, ఏ భాగంలో అన్నవి కూడా అడగండి. బయట కట్టేటప్పుడు మెలితిరిగిన ఇనుప మేకును నేలలో దింపి, హార్నెస్‌కు తాడు తగిలించండి. ఆ తాడు దారికి గానీ నిప్పు దగ్గరికి గానీ అందకూడదు. వ్యాన్‌కే కట్టవలసి వస్తే ఆ కొక్కేనికే వ్యాన్ తాళంచెవి కూడా తగిలించండి. అప్పుడు కుక్కను విప్పకుండా వ్యాన్‌ను కదపడం కుదరదు. అడవులు, కొండల్లో స్థానిక నియమాలు తెలుసుకుని వెళ్లండి. ఉదాహరణకు నార్వేలో ఏప్రిల్ 1 నుంచి ఆగస్టు 20 వరకు కుక్కలను తాడు కట్టే తిప్పాలి. అమెరికా జాతీయ ఉద్యానాల్లో తాడు 6 అడుగులకు మించకూడదు, చాలా కాలిబాటల్లోకి కుక్కలను అసలే రానివ్వరు.

సరిహద్దులు దాటేటప్పుడు

పత్రాల పనిని ఆఖరి వారానికి వదలకండి, ఎందుకంటే ఇందులో గడువులు ఒకదాని మీద ఒకటి ఆధారపడి ఉంటాయి. ఐరోపా సమాఖ్య దేశాల్లోకి వెళ్లాలంటే మైక్రోచిప్ అమర్చిన తర్వాతే రేబిస్ టీకా వేయించాలి, కుక్కకు కనీసం 12 వారాల వయసు ఉండాలి, మొదటి టీకా అయితే 21 రోజులు ఆగాలి. చిప్ కంటే ముందు వేసిన టీకా లెక్కలోకి రాదు. సమాఖ్య రేబిస్ నియంత్రణ జాబితాలో లేని దేశాల నుంచి వచ్చే కుక్కలకు రక్తపరీక్ష, ఆపైన మూడు నెలల నిరీక్షణ కూడా ఉంటాయి. బ్రిటన్, ఐర్లండ్, మాల్టా, ఫిన్లండ్, నార్వేలకు వెళ్లేటప్పుడు కుక్క అక్కడికి చేరడానికి 24 నుంచి 120 గంటల ముందు పశువైద్యుడు బద్దెపురుగు మందు ఇచ్చి ధ్రువీకరించాలి. అమెరికాలో 2024 ఆగస్టు 1 నుంచి ఆరు నెలలు నిండని కుక్కను ప్రవేశించనివ్వడం లేదు. పడవలో దాటవలసి ఉంటే కుక్కను తీసుకువెళ్లగల క్యాబిన్ దొరుకుతుందో లేదో ముందే చూసుకోండి, లేకపోతే అది వాహనాల అంతస్తులో వ్యాన్‌లోనే ఒంటరిగా ఉండవలసి రావచ్చు.

పురుగులు, ప్రయాణం ముగిశాక

గడ్డిలో తిరిగి వచ్చిన ప్రతి సాయంత్రం వేళ్ల మధ్య, చెవుల్లో, మెడపట్టీ కింద, గజ్జల్లో చేత్తో తడిమి పిడుదులను వెతకండి. కనిపిస్తే చర్మానికి ఆనేలా పట్టి పిడుదుల కొక్కెంతో తీసేయాలి. నూనె పోయడం, కాల్చడం వంటి పాత పద్ధతులు వద్దు. మధ్యధరా తీరంలో లీష్మానియాసిస్ అనే జబ్బును ఇసుక ఈగలు వ్యాపింపజేస్తాయి. ఇవి ముఖ్యంగా సంజెవేళ నుంచి తెల్లవారే దాకా కుడతాయి, మామూలు దోమతెర కన్నాల్లోంచి కూడా దూరిపోతాయి. అక్కడ కుక్కను రాత్రిపూట బయట పడుకోబెట్టకుండా, డెల్టామెత్రిన్ అనే పురుగుల మందు ఉన్న మెడపట్టీ గురించి వైద్యుడిని ముందే అడగండి. అదే కోవకు చెందిన పెర్మెత్రిన్ ఉన్న కుక్కల మందులు పిల్లులకు ప్రాణాంతకం కాబట్టి, ఇంట్లో పిల్లి కూడా ఉంటే ఆ మాట వైద్యుడికి చెప్పండి.

లీష్మానియాసిస్ లక్షణాలు కుట్టిన నెలల తర్వాత, ఒక్కోసారి ఏళ్ల తర్వాత బయటపడతాయి. ఇంటికి చేరాక కుక్క సన్నబడినా, ముక్కు చుట్టూ కళ్ల చుట్టూ వెంట్రుకలు రాలినా, కుంటినా, ఎప్పుడు ఏయే ప్రాంతాల్లో తిరిగారో పశువైద్యుడికి అడగకముందే చెప్పండి.